వెనక సీట్లో పిల్ల

నిజం చెప్పొద్దూ, ఆవిడ పాట మొదటిసారి విన్నప్పుడు "పాపం, గొంతు పట్టేసినట్టుంది, ఓ రెండ్రోజులు మిరియాల కషాయం తాగి పాడకూడదూ?" అన్నాను. కారు నడుపుతున్న మా అక్క కూతురు పగలబడి నవ్వింది. "పిన్నీ, ఆ గొంతు కోసమే జనం డబ్బిచ్చి కొనుక్కుంటారు" అంది.

ఇది 2019 చలికాలంలో, టెక్సాస్‌లోని ఆస్టిన్ ఊళ్ళో. పురిటికి వెళ్ళాల్సింది మా అక్క. సరిగ్గా అప్పుడే దానికి మోకాలి ఆపరేషన్ వచ్చి పడింది. ఆవకాయ జాడీ, కరివేపాకు పొడి, వాము ప్యాకెట్లతో దాని బదులు నేను విమానం ఎక్కాను. అక్కడికి వెళ్ళాక తెలిసిందేమిటంటే, ఆ పసివాడు ఉయ్యాలలో పడుకోడు, ఒళ్ళో పడుకోడు, జోలపాటకి అసలే పడుకోడు. కారు కదిలితేనే నిద్ర! రాత్రి పది గంటలకి వాణ్ణి వెనక సీట్లో బెల్టులేసి కట్టేసి, పక్కన నన్ను కూర్చోబెట్టి, మొగుడో పెళ్ళామో ఎవరో ఒకరు ఊరి చుట్టూ తిప్పుకొచ్చేవారు. ఆ తిరుగుడులో వాళ్ళు పెట్టే పాటలన్నింటిలో ఒక్క ఆల్బంకే వాడు కిక్కురుమనకుండా నిద్రపోయేవాడు. మొత్తం పదమూడు పాటలు, యాభై నిమిషాల పైచిలుకు. నేను వచ్చేసేలోగా ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు గానీ, వాడి పుణ్యమా అని ఒక గొప్ప కళాకారిణి నాకు బలవంతంగా పరిచయమైంది.

ఆవిడ పేరు లూసిండా విలియమ్స్. ఆల్బం పేరు 'కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్'. అంటే కంకర రోడ్డు మీద కారు చక్రాల చప్పుడన్నమాట. 1998లో వచ్చింది.

మనకి పాటంటే గొంతు తేనెలా ఉండాలి. నేను బాలసరస్వతి పాటలకి కళ్ళు మూసుకునే తల్లి కడుపున పుట్టి, సుశీల పాటలతో వంట నేర్చుకున్న మనిషిని. శ్రుతి శుద్ధంగా, మాట స్పష్టంగా లేకపోతే నాకు పాట కిందే లెక్క కాదు. మరి ఈవిడో! మాట చివర మింగేస్తుంది. ఒక అచ్చుని పట్టుకుని మెట్ల మీంచి బస్తా ఈడ్చినట్టు కిందికి ఈడుస్తుంది. కొన్నిచోట్ల తాగి మాట్లాడుతోందేమో అనిపిస్తుంది. వారం గడిచాక ఒక రాత్రి ఉన్నట్టుండి నాకు మా అమ్మమ్మ రోటిలో నూరే కందిపచ్చడి గుర్తొచ్చింది. అది మెత్తగా ఉండదు, బరకగా ఉంటుంది. ఆ బరకలోనే కదూ దాని రుచి! మిక్సీలో వేసి వెన్నలా చేశామనుకోండి, అవే పప్పు, అవే మిరపకాయలు, కానీ ఎక్కడో ఏదో పోతుంది. ఆ పోయే 'ఏదో' ఈవిడ గొంతులో పోకుండా ఉంది. అప్పట్నించి నాకు జలుబు వినిపించడం మానేసింది.

ఇలాంటి పాటలకి అక్కడ 'ఆల్టర్నేటివ్ కంట్రీ' అని ఒక పేరుంది. కంట్రీ అంటే వాళ్ళ దక్షిణాది రాష్ట్రాల పల్లెపాట. ఫిడేలు, గిటారు, మన పాత సినిమా పాటల్లో వినిపించే హవాయి గిటారుకి దగ్గరి చుట్టమైన స్టీల్ గిటారు. ఇల్లు, ఊరు, తాగుడు, దేవుడు, విడాకులు. ఆ పాటకి రాజధాని నాష్‌విల్. రానురాను అక్కడి స్టూడియోలు దానికి పౌడరు రాసి, జుట్టు దువ్వి, పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు తయారుచేశాయి. అది నచ్చని కొందరు 1990ల్లో మళ్ళీ ఆ దుమ్మూధూళీ కావాలన్నారు, దానికి రాక్ సంగీతంలోని ఎలక్ట్రిక్ గిటారు మోటుదనాన్ని కలిపారు. లూసిండా వీళ్ళకంటే ముందునుంచే అలా పాడుతోంది. అందుకే పాపం ఏ అరలో పెట్టాలో ఎవరికీ తెలిసేది కాదు. రాక్ కంపెనీలకి వెళితే ఇది కంట్రీ అన్నారట, కంట్రీ వాళ్ళ దగ్గరికి వెళితే ఇది రాక్ అన్నారట. ఆఖరికి ఈ ఆల్బంకి 1999లో గ్రామీ బహుమతి ఇచ్చినప్పుడు రెండూ కాదని సమకాలీన జానపదం కింద ఇచ్చారు! విమర్శకులు మాత్రం తడబడలేదు. న్యూయార్క్ పత్రిక 'విలేజ్ వాయిస్' అప్పట్లో ఏటా వాళ్ళచేత ఓట్లు వేయించేది, వాటిలో 1998కి మొదటి స్థానం దీనిదే.

ఈవిడ ఇంటి సంగతి కాస్త చెప్పాలి. చెప్పకపోతే పాటలు సగమే అర్థమవుతాయి. 1953లో లూసియానా రాష్ట్రంలో లేక్ చార్లెస్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి మిల్లర్ విలియమ్స్ కవి. మొదట బయాలజీ మేష్టారుగా ఉండి, తర్వాత సాహిత్యం బోధించాడు. 1997లో క్లింటన్ రెండోసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పుడు వేదికమీద కవిత చదివింది ఆయనే. (కంట్రీ పాటల దేవుడు హాంక్ విలియమ్స్‌కీ వీళ్ళకీ ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు.) ఆయన ఉద్యోగాల వెంట ఆ కుటుంబం మిసిసిపీ, జార్జియా, లూసియానా, ఆర్కన్సా, మధ్యలో చిలీ, మెక్సికో అంటూ ఊళ్ళు పట్టుకు తిరిగింది. తల్లి పియానో నేర్చుకున్న మనిషి. మనసు స్థిమితంగా లేక ఏళ్ళ తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగింది. తల్లిదండ్రులు విడిపోతే పిల్లలు తండ్రి దగ్గర పెరిగారు.

జార్జియాలో ఉన్నప్పుడు ఆ తండ్రి ఈ పిల్లని వెంటబెట్టుకుని రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ ఇంటికి వెళ్ళేవాడట. ఆవిడ ఆ రోజు రాసుకోవాల్సింది పూర్తయ్యేదాకా తలుపు తీసేది కాదు, వచ్చిన వాళ్ళు వరండాలో కూర్చోవలసిందే. ఆ ఇంటినిండా నెమళ్ళు. ఈ చిన్నపిల్ల ఆ నెమళ్ళని తరుముకుంటూ ఆడుకునేదట. నాకు ఈ కథ ఎంత నచ్చిందో చెప్పలేను. నెమళ్ళ సంగతి అలా ఉంచండి, రాసుకునే ఆడదాని తలుపు మూసి ఉంటే పెద్ద పెద్ద కవులు కూడా బయట కూర్చునే దేశం ఒకటుందని! మా ఇంట్లో నేను రాసుకుంటుంటే గ్యాస్ సిలిండరు అబ్బాయి కూడా సరాసరి బల్లదాకా వచ్చేస్తాడు.

ఇక ఈ ఆల్బం తయారైన తీరు. దీనికి ముందటిది 1992లో వచ్చింది. ఇది 1998లో. ఆరేళ్ళు! మొదట ఆస్టిన్‌లోనే ఎన్నో ఏళ్ళుగా తన పక్కన గిటారు వాయించిన గర్ఫ్ మోర్లిక్స్‌తో చాలావరకు రికార్డు చేసింది. విని, ఇది కాదంది. నాష్‌విల్ వెళ్ళి స్టీవ్ ఎర్ల్, రే కెనెడీలతో మళ్ళీ మొదలుపెట్టింది. అక్కడా పూర్తి కాలేదు. చివరికి లాస్ ఏంజిలిస్‌లో రాయ్ బిట్టన్ దగ్గర తుది మెరుగులు. ఈ గొడవలో మోర్లిక్స్‌తో అన్నేళ్ళ స్నేహం తెగిపోయింది. పత్రికలవాళ్ళు ఆవిణ్ణి ఓ చాదస్తపు మనిషిగా, ఎవరితోనూ పడని మనిషిగా చిత్రించారు.

ఇక్కడ నేను కాస్త ఆగి మీతో ఒక మాట అనుకోవాలి. మగవాడు సినిమాని అయిదేళ్ళు చెక్కితే దాన్ని తపస్సంటాం. ఆడది ముగ్గు బాగా రాలేదని చెరిపి మళ్ళీ వేస్తే 'దీనికి చాదస్తం' అంటాం. ఒక నవలలో చివరి అధ్యాయం నాలుగుసార్లు తిరగరాసినందుకు ఓ సంపాదకుడు నాతో "ఎందుకమ్మా అంత ఇదిగా, మీవాళ్ళు చదివేది మధ్యాహ్నం నిద్రకి ముందేగా!" అన్నాడు. మీవాళ్ళంటే మీరే. అందుకని ఈ ఆరేళ్ళ ముచ్చట వింటే నాకు లూసిండా మీద ప్రేమ పెరిగింది. అయితే మోర్లిక్స్ వైపు న్యాయం లేదని అనలేను. కలిసి వండిన వంటని "మళ్ళీ వండిద్దాం" అని వేరేవాళ్ళ పొయ్యికి ఎక్కిస్తే ఎవరికి మాత్రం మనసు చివుక్కుమనదు? మంచి పనికోసం మంచి మనిషిని పోగొట్టుకోవచ్చునా అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆల్బం మాత్రం ఉంది.

పాటల్లోకి వద్దాం. మొదటి పాట 'రైట్ ఇన్ టైమ్'. ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆడది తన మనిషిని తలుచుకుంటోంది. అంతే. కానీ ఆ తలపు మనసు దగ్గర ఆగదు, ఒంట్లోకి దిగుతుంది. అక్కడికొచ్చేసరికి అల్లుడు మొహమాటంగా సౌండు తగ్గించేవాడు. నేనేమో కిటికీలోంచి ఎంతో శ్రద్ధగా పెట్రోలు బంకులు చూసేదాన్ని. ఇంత పచ్చిగా ఉండాలా అని మీరడగొచ్చు. మన క్షేత్రయ్య నాయికలు అన్నవి ఇంతకంటే తక్కువేం కాదుగా! తేడా ఎక్కడంటే ఆ మాటలు ఒక మగవాడు రాసిపెట్టినవి. ఇవి ఈవిడవే. రాసి, ట్యూను కట్టి, తన గొంతుతోనే పాడింది.

తర్వాత నన్ను పట్టుకుంది 'డ్రంకెన్ ఏంజెల్'. తాగుబోతు దేవదూత. బ్లేజ్ ఫోలీ అనే పాటగాడి మీద కట్టిన పాట. ఈయన ఈ ఆస్టిన్‌లోనే తిరిగాడు, బూట్లకి ప్లాస్టర్ టేపు చుట్టుకుని, డబ్బుల్లేక, ఇల్లు లేక. 1989 ఫిబ్రవరి 1న తుపాకీ కాల్పుల్లో పోయాడు. ఈ పాటలో జాలీ ఉంది, కోపమూ ఉంది. చేతిలో అంత విద్య పెట్టుకుని ఇలా పారబోసుకున్నావేమిరా అని పోయినవాణ్ణి నిలదీసే కోపం. మన చుట్టాల్లో ప్రతి ఇంటా అలాంటివాడు ఒకడుంటాడు చూడండి... బ్రహ్మాండంగా హార్మోనియం వాయించేవాడు, సంవత్సరీకం నాడు తప్ప ఎవరూ పేరెత్తని బాబాయి. ఆ బాబాయి మీద ఎవరూ పాట కట్టలేదే అని ఆ రాత్రి అనిపించింది.

'లేక్ చార్లెస్' కూడా పోయినవాడి పాటే, ఒకప్పటి ప్రియుడి గురించి. అతను పుట్టింది టెక్సాస్‌లోనైనా అందరికీ తనది లేక్ చార్లెస్ అనే చెప్పుకునేవాడట. ఎంత చిన్న అబద్ధం! పుట్టిన ఊరు ఎక్కడైనా, మనసు పుట్టిన ఊరు వేరే ఉండొచ్చు కదా. గొంతు చించుకోకుండా, ఏడవకుండా, ఆ ఊరి దారుల పేర్లు చెబుతూ పాడుతుంది. ఏడుపు మనకి వదిలేస్తుంది. 'గ్రీన్‌విల్' పాటలో తాగి తగువులాడే మగవాణ్ణి నీ ఊరికి నువ్వు పొమ్మంటుంది. అక్కడ వెనకనుంచి ఎమిలూ హారిస్ గొంతు కలుస్తుంది. ఎమిలూది నిజంగా తేనె గొంతు. ఆ రెండు గొంతులు కలిసినచోట బరక ఎందుకో, నునుపు ఎందుకో రెండూ తెలుస్తాయి.

అన్నీ ఇంతే గొప్పవని నేననను. 'కాంక్రీట్ అండ్ బార్బ్‌డ్ వైర్' పల్లవి దగ్గరే తిరుగుతుంది. 'స్టిల్ ఐ లాంగ్ ఫర్ యువర్ కిస్' మరీ సాగతీత, మా పసివాడు కూడా ఆ పాటకే ఓ కన్ను తెరిచేవాడు. 'కాంట్ లెట్ గో' హుషారైన పాట, కానీ అది ఈవిడ రాసింది కాదు. 'జాయ్' మాత్రం చీపురు తిరగేసి పట్టుకున్న పాట. నా సంతోషం నువ్వు పట్టుకుపోయావు, నాది నాకు ఇచ్చెయ్ అని ఊరూరూ వెతకబోయే ఆడమనిషి కోపం. ప్రేమ ఇమ్మనడం లేదు, క్షమాపణ అడగడం లేదు, పుట్టింటివారు పెట్టిన సామాను అడిగినట్టు తన సంతోషం తనని అడుగుతోంది. గిన్నెలు తోముకుంటూ వింటే గిన్నెలు తళతళలాడతాయి, నాదీ పూచీ.

ఇక అసలు పాట, ఆల్బంకి పేరిచ్చిన పాట. నిజానికి ఇదంతా రాస్తున్నది దానికోసమే.

అందులో కథంటూ లేదు. ఒక వంటిల్లు. రేడియోలో పాట. కాఫీ, గుడ్ల వాసన. పెద్దవాళ్ళ గొంతులు, కొన్ని కసుర్లు. బయల్దేరాలి, కారెక్కాలి. పత్తిచేలు వెనక్కి పోతుంటాయి. వెనక సీట్లో నాలుగైదేళ్ళ పిల్ల, మొహం మీద మట్టీ కన్నీళ్ళూ కలిసిపోయి. ఎందుకు వెళుతున్నారో, ఎవరు ఎవర్ని ఏమన్నారో పాట చెప్పదు. ఎందుకంటే ఆ పిల్లకి తెలియదు! పిల్లకి తెలిసింది చప్పుడు ఒక్కటే. కంకర మీద చక్రాల చప్పుడు. పెద్దవాళ్ళ కథని పిల్ల ఎత్తులోంచి, సీటు వెనకనుంచి కనిపించినంత మేరకే చెప్పడం... నవలలు రాసేదాన్ని, నాకు తెలుసు అది ఎంత కష్టమో. మనం ఉండబట్టలేక మధ్యలో దూరి వివరించేస్తాం.

ఆ పాట నడుస్తుండగా నేను ఆస్టిన్ హైవే మీద లేను. 1986లో, కాలవ గట్టు మీద, జీపులో ఉన్నాను.

మా నాన్న నీటిపారుదల శాఖలో ఇంజనీరు. రెండేళ్ళకో మూడేళ్ళకో బదిలీ. సామాను లారీలో ముందే వెళ్ళిపోయేది, మేం జీపులో. నాన్న ముందు సీట్లో డ్రైవరు పక్కన. నేనూ అమ్మా వెనక, అమ్మ ఒళ్ళో తులసి మొక్క నాటిన డాల్డా డబ్బా, నా కాళ్ళ దగ్గర మరచెంబు. డ్రైవరు ఉన్నాడు కాబట్టి అమ్మా నాన్నా ఏమీ మాట్లాడుకునేవారు కాదు. అంతకుముందు రాత్రి మాట్లాడుకున్నవి చాలవన్నట్టు, ఆ మాటలన్నీ మాతోపాటు జీపెక్కి కూర్చునేవి. టైర్ల కింద కంకర పటపటమని ఎగిరి అడుగురేకుకి తగిలేది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని "దుమ్మే, దుమ్ము పడింది" అనేది. ఏడేళ్ళదాన్ని, నమ్మేశాను. నమ్మానా? ఏమో. ఈ పాట వినేదాకా ఆ జీపు నాకు గుర్తే లేదు.

ఈ పాట గురించి లూసిండా చెప్పిన సంగతి ఒకటుంది. నాష్‌విల్‌లో బ్లూబర్డ్ కెఫే అని పాటగాళ్ళు కూర్చుని పాడుకునే చిన్న చోటుంది. కొత్తగా కట్టిన ఈ పాట అక్కడ పాడినప్పుడు వింటున్నవాళ్ళలో తండ్రి ఉన్నాడు. పాట అయ్యాక ఆయన దగ్గరికొచ్చి, నన్ను క్షమించమ్మా అన్నాడట. ఎందుకు నాన్నా అంటే, ఆ వెనక సీట్లో ఉన్న పిల్లవి నువ్వే కదా అన్నాడట. రాసిన ఆవిడకి అప్పటిదాకా ఆ సంగతి తట్టనేలేదట! కవి కదా, తనకి కనిపించింది. తండ్రి కదా, తగిలింది. మిల్లర్ విలియమ్స్ 2015 జనవరి 1న పోయారు. ఆయన కవితలు నేనెక్కువ చదవలేదు. ఆ ఒక్క క్షమాపణ కోసం ఆయన్ని గొప్పవాడంటాను.

ఎందుకింతగా అంటున్నానో చెబుతాను. ఇండియాకి వచ్చాక ఓ సాయంత్రం ఈ పాట పెట్టాను. మా అమ్మాయి సోఫాలో కాళ్ళు ముడుచుకుని గోళ్ళరంగు వేసుకుంటోంది. దానికి అప్పుడు పదిహేనేళ్ళు. దాని చిన్నప్పుడు మేం హైదరాబాదు నుంచి విజయవాడకి రాత్రిపూట కార్లో తెగ తిరిగేవాళ్ళం. ఎవరి అమ్మ ఎవరింట్లో ఉండాలన్న విషయం మీద మావారికీ నాకూ పెద్ద యుద్ధం నడుస్తున్న కాలమది. వెనక సీట్లో పిల్ల పడుకుందో లేదో ఒకసారి తిరిగి చూసుకుని, గొంతు తగ్గించి మొదలుపెట్టేవాళ్ళం. గొంతు తగ్గించాం కాబట్టి మేం సంస్కారవంతులమని మా నమ్మకం.

"అప్పట్లో మనం రాత్రిళ్ళు విజయవాడ వెళ్ళేవాళ్ళం, నీకేమైనా గుర్తుందా?" అన్నాను, ఏదో మామూలుగా అడిగినట్టు.

అది వేలికి రంగు అద్దుకుంటూ తలెత్తకుండా, "నువ్వు 'మీ అమ్మ' అన్నప్పుడల్లా నాన్న గేరు మార్చేవాడు" అంది.

ఇంకేం గుర్తున్నాయని అడగాల్సింది. మిల్లర్ విలియమ్స్‌లా ఒక మాట అనాల్సింది. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. స్టవ్ మీద పాలు లేవు.

లూసిండా విలియమ్స్‌కి 2020 నవంబరులో పక్షవాతం వచ్చింది. గిటారు చేతికి లొంగడం మానేసింది. మర్నాటి ఏడాదికే కర్ర సాయంతో వేదికెక్కి పాడింది. 2023లో జీవితకథ అచ్చయింది, అదే ఏడాది కొత్త ఆల్బమూ వచ్చింది. గొంతు ఇంకాస్త బరకెక్కింది, అంతే.

మీరు వినదలుచుకుంటే ఫోనులో ఎక్కడైనా దొరుకుతుంది. మొదటి పాటతో మొదలుపెట్టకండి, పక్కన అత్తగారుంటే ఇబ్బంది పడతారు. 'గ్రీన్‌విల్' వినండి, తర్వాత 'లేక్ చార్లెస్'. ఇంగ్లీషు యాస తెలియడం లేదని బెంగపడకండి. మా అక్క కూతురు పాటలన్నీ కాగితాల మీద అచ్చు తీసి ఇచ్చింది గానీ, నేను వాటిని చూసింది తక్కువే. ఆఖరి పాట 'జాక్సన్' మాత్రం చివరిదాకా ఉంచుకోండి. ఒక ఆడది ఒక మనిషిని వదిలేసి కార్లో పోతూ, ఫలానా ఊరు దాటితే నిన్ను మర్చిపోతాను, ఆ పై ఊరు దాటితే అసలు గుర్తే రావు అనుకుంటూ పోతుంటుంది. లాఫాయెట్, బాటన్ రూజ్, విక్స్‌బర్గ్... అలా ఊళ్ళు వస్తాయి, పోతాయి. గిటారు నెమ్మదిగా తోడు నడుస్తుంది. ఈసారి ఆవిడ వెనక సీట్లో లేదు, స్టీరింగ్ ముందు కూర్చుంది. మర్చిపోయిందా అంటే, ఇంకా ఊళ్ళ పేర్లు చెబుతూనే ఉంది. అంతలో ఆల్బం అయిపోతుంది.

అది అయ్యేసరికి సరిగ్గా మా అల్లుడు కారు ఇంటి ముందు ఆపేవాడు. ఇంజను ఆగితే పసివాడు లేస్తాడని మేమిద్దరం చీకట్లో అలాగే కదలకుండా కూర్చునేవాళ్ళం.